వద్దన్నా ఆగని సబ్‌స్క్రిప్షన్: ఆటోపే ఆపడం, డబ్బు రాబట్టడం (తరచుగా అడిగే ప్రశ్నలు)

జాతకాల యాప్, ఇంగ్లిష్ నేర్పే యాప్, చిన్న చిన్న సీరియల్ వీడియోల యాప్, పిల్లల ట్యూషన్ యాప్... పేరు ఏదైనా ఫిర్యాదు ఒక్కటే: రూపాయితో మొదలైంది, ఆపుదామంటే ఆగడం లేదు. ఇండియాలో బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ల కోసం ఈ జవాబులు రాశాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. కంపెనీ దగ్గర ప్లాన్ రద్దు చేయడం, బ్యాంకు దగ్గర డబ్బు కట్ అయ్యే అనుమతిని రద్దు చేయడం రెండూ వేర్వేరు పనులు. నిజాయితీ ఉన్న కంపెనీ అయితే మొదటిది చేస్తే చాలు. మోసపు కంపెనీ అయితే రెండోదే ముందు చేయాలి. ప్లాన్ సంగతి, రిఫండ్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

## డబ్బు పోయిందని తెలిసిన రోజు

ఒక్క రూపాయి ట్రయల్ అన్నారు, మూడు రోజులకే 599 ఎలా కట్ అయింది?

మీరు రూపాయి కట్టినప్పుడు జరిగింది మామూలు చెల్లింపు కాదు. యూపీఐ పిన్ కొట్టి 'ఆటోపే మ్యాండేట్' (ఇకపై డబ్బు దానంతట అదే కట్ అయ్యేలా ఇచ్చే అనుమతి) ఆమోదించారు. ఆ స్క్రీన్‌లో పెద్ద అక్షరాలతో ₹1 కనిపిస్తుంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో మూడు లైన్లు ఉంటాయి: గరిష్ఠ మొత్తం, ఎంతకాలానికోసారి, ఎప్పటి వరకు. అసలు సంగతంతా ఆ మూడు లైన్లలోనే ఉంది. గరిష్ఠ మొత్తం దగ్గర ప్లాన్ ధరకన్నా ఎక్కువ రాసి ఉండొచ్చు. ముగింపు తేదీ ఎన్నో ఏళ్ల తర్వాతది ఉండొచ్చు. 'ఎంతకాలానికోసారి' దగ్గర నెల అనో వారం అనో కాకుండా 'యాజ్ ప్రెజెంటెడ్' అని ఉంటే మరీ జాగ్రత్త. కంపెనీ అడిగినప్పుడల్లా ఆ గరిష్ఠ మొత్తం లోపల తీసుకోవచ్చని దాని అర్థం. సాధారణ మ్యాండేట్లలో ₹15,000 లోపు కట్‌లకు ప్రతిసారీ పిన్ అడగరు.

యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసేశాను కదా, ఇంకా ఎందుకు కట్ అవుతోంది?

మ్యాండేట్ ఉండేది యాప్‌లో కాదు, మీ బ్యాంకు దగ్గర. యాప్ తీసేసినా, అందులో అకౌంట్ డిలీట్ చేసినా, నంబరు బ్లాక్ చేసినా మ్యాండేట్ కదలదు. పైగా అకౌంట్ డిలీట్ చేస్తే ప్లాన్ వివరాలు, బిల్లులు, ఛాటింగ్ అన్నీ పోయి మీ దగ్గర ఆధారం లేకుండా పోతుంది. అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే డిలీట్ జోలికి వెళ్లండి.

ఏ దారిలో కట్ అవుతోందో ఎలా తెలుసుకోవాలి?

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లైన్ తెరిచి చూడండి. 'యూపీఐ' అని, పక్కన 'మ్యాండేట్' లేదా 'ఆటోపే' అని ఉంటే అది యూపీఐ ఆటోపే. 'ఏసీహెచ్' లేదా 'నాచ్' అని ఉంటే బ్యాంకు ఖాతా మీద నేరుగా ఇచ్చిన నాచ్ మ్యాండేట్. ఎక్కువగా లోన్ వాయిదాలు ఈ దారిలోనే పోతాయి. క్రెడిట్ కార్డు బిల్లులోనో డెబిట్ కార్డు లావాదేవీగానో కనిపిస్తే అది కార్డు ఈ-మ్యాండేట్. 'గూగుల్ ప్లే' లేదా 'యాపిల్' పేరు ఉంటే సబ్‌స్క్రిప్షన్ ఆ స్టోర్ ద్వారా నడుస్తోందన్నమాట.

యాప్ పేరు, స్టేట్‌మెంట్‌లో పేరు ఒకటి కాకపోవచ్చు. అక్కడ కంపెనీ అసలు పేరో, మధ్యలో ఉన్న పేమెంట్ గేట్‌వే పేరో పడుతుంది. అసలు పేరు యాప్ నిబంధనల పేజీ చివర్లో దొరుకుతుంది.

బ్యాంకు ఖాతా ఖాళీ చేసేస్తే సరిపోదా?

సరిపోదు. యూపీఐ ఆటోపేలో ఒకసారి ఫెయిలైతే అదే కట్ కోసం ఇంకో మూడుసార్లు ప్రయత్నించే వీలుంది. వచ్చే నెల మళ్లీ మొదలు. నాచ్ అయితే ఇంకా నష్టం: బౌన్స్ అయిన ప్రతిసారీ మీ బ్యాంకు జరిమానా, దాని మీద జీఎస్టీ వేస్తుంది. జీతం పడగానే అదీ కట్ అవుతుంది.

## కట్ ఆపడం

ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎంలో ఆటోపే ఎలా రద్దు చేయాలి?

మూడింటిలోనూ దారి ఇంచుమించు ఒకటే: ప్రొఫైల్ బొమ్మ నొక్కి 'ఆటోపే' అనే మాట కోసం వెతకండి. పేటీఎంలో యూపీఐ, పేమెంట్ సెట్టింగ్స్ లోపల 'ఆటోమేటిక్ పేమెంట్స్' అని ఉంటుంది. అప్‌డేట్లతో మెనూ పేర్లు మారుతుంటాయి, కంగారు పడకండి. జాబితాలో ఆ కంపెనీని తెరిచి రద్దు నొక్కి, యూపీఐ పిన్ కొట్టండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. 'పాజ్', 'క్యాన్సిల్' అని రెండు బటన్లు ఉంటాయి. పాజ్ నొక్కితే కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలవుతుంది. రద్దయ్యాక బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. అందులో ఉన్న మ్యాండేట్ నంబరు, తేదీ, సమయం దాచుకోండి. ఆ తర్వాత ఎప్పుడైనా డబ్బు పోతే మీ చేతిలో ఉండే బలమైన ఆధారం ఆ ఒక్క మెసేజే.

ఆటోపే జాబితాలో ఆ కంపెనీ కనిపించడం లేదు. ఏం చేయాలి?

మ్యాండేట్ వేరే యూపీఐ యాప్‌లో ఆమోదించి ఉంటారు. మ్యాండేట్ మెసేజ్‌లో యూపీఐ ఐడీ చివరి ముక్క చూడండి. 'వైబీఎల్' అని ఉంటే ఫోన్‌పే. 'ఓకే'తో మొదలై బ్యాంకు పేరు ఉంటే గూగుల్ పే. 'పీటీ'తో మొదలైతే పేటీఎం. ఆ యాప్ తీసేసి ఉంటే అదే సిమ్‌తో మళ్లీ వేసుకుని లాగిన్ అవ్వండి, మ్యాండేట్ కనిపిస్తుంది. పాత నంబరు పోయి ఉంటే నేరుగా బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా రద్దు అడగండి.

క్రెడిట్ కార్డు లేదా డెబిట్ కార్డు నుంచి పోతోంది. కార్డు బ్లాక్ చేయించనా?

ముందు ఈ-మ్యాండేట్ రద్దు చేయండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏ ఈ-మ్యాండేట్‌నైనా ఎప్పుడైనా ఆన్‌లైన్‌లో రద్దు చేసుకునే సౌకర్యం కార్డు ఇచ్చిన బ్యాంకు కల్పించాలి. దానికి రుసుము తీసుకోకూడదు. నెట్ బ్యాంకింగ్‌లోనో కార్డు సెట్టింగ్స్‌లోనో 'స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్' లేదా 'ఈ-మ్యాండేట్' పేరుతో ఉంటుంది. చాలా బ్యాంకులు ఇందుకోసం వేరే పోర్టల్‌కు పంపుతాయి. ఆ లింకును బ్యాంకు సైట్ నుంచే తెరవండి.

కార్డు మార్చినంత మాత్రాన కట్ ఆగుతుందన్న భరోసా లేదు. పాత అనుమతులు కొత్త కార్డుకు బదిలీ అయ్యే సందర్భాలున్నాయి. విదేశీ కంపెనీ అయితే ఇంకో పని కూడా చేయండి: కార్డు సెట్టింగ్స్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేయండి. కార్డు పారేయక్కర్లేదు, ఒక్క స్విచ్ చాలు.

గూగుల్ ప్లేలో సబ్‌స్క్రిప్షన్ కనిపించడం లేదు, కానీ డబ్బు గూగుల్ ప్లే పేరుతోనే పోతోంది!

ఆ ఫోన్‌లో ఇంకో జీమెయిల్ ఉంటుంది. సబ్‌స్క్రిప్షన్ ఏ జీమెయిల్‌తో తీసుకుంటే ఆ ఖాతాలోనే కనిపిస్తుంది. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ఒక్కో ఖాతాకు మారుతూ, 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్' తెరిచి చూడండి. పిల్లల ఖాతా కూడా వదలొద్దు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, పైన మీ పేరు, సబ్‌స్క్రిప్షన్స్. యాపిల్‌లో ఉచిత ట్రయల్‌ను గడువుకు కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి. ఆఖరి రోజు వరకు ఆగితే డబ్బు పోతుంది.

సిమ్ బ్యాలెన్స్ నుంచి రోజూ కొంత పోతోంది. ఏ యాప్ లేదు, ఏ యూపీఐ లేదు.

అది కాలర్ ట్యూన్, గేమ్స్, జోక్స్ లాంటి అదనపు సేవ. 155223కు ఫోన్ చేయండి, లేదా 'స్టాప్' అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పంపండి. ఈ సేవలు మొదలుపెట్టే ముందు మీ అంగీకారం రెండుసార్లు తీసుకోవాలని ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన. అలా తీసుకోలేదని కస్టమర్ కేర్‌కు చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకుని, పోయిన బ్యాలెన్స్ అడగండి.

## కంపెనీతో తేల్చుకోవడం

యాప్‌లో క్యాన్సిల్ బటనే లేదు. ఉన్నా నొక్కితే "మా ఎగ్జిక్యూటివ్ కాల్ చేస్తారు" అంటోంది.

ఇది పొరపాటున జరిగింది కాదు, కావాలనే అలా కట్టారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు ఇలాంటి 13 రకాల పన్నాగాలను నిషేధించాయి. వాటిలో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' ఒకటి: రద్దును అసాధ్యంగానో సాగతీసిన తతంగంగానో మార్చడం, రద్దు దారిని దాచడం, ఉచిత ప్లాన్‌కు కూడా ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా అడగడం. ట్రయల్ ముగిసి డబ్బు ప్లాన్‌లోకి మారుతున్న సంగతి చెప్పకపోవడం 'సాస్ బిల్లింగ్' కిందికి వస్తుంది.

రద్దు చేయబోయి విఫలమైనదంతా ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ చేయండి. తేదీ, సమయం కనిపించాలి. ఆ తర్వాత మెయిల్ పెట్టండి. ఎగ్జిక్యూటివ్ ఫోన్ కోసం ఎదురు చూడకండి. వచ్చినా "199కి ఇస్తాం సార్" అన్న బేరమే తప్ప రద్దు మాట రాదు.

మెయిల్‌లో ఏం రాయాలి?

యాప్ నిబంధనల పేజీలో 'గ్రీవెన్స్ ఆఫీసర్' (ఫిర్యాదులు చూసే అధికారి) మెయిల్ ఐడీ ఉండాలి. దానికి, కస్టమర్ కేర్ ఐడీకి కలిపి పంపండి. ఇంత చాలు:

"నా రిజిస్టర్డ్ మొబైల్ నంబరు ఇది. ఫలానా తేదీన ట్రయల్ కోసం ₹1 చెల్లించాను. ఫలానా తేదీన నాకు తెలియకుండా ₹599 కట్ అయింది, లావాదేవీ నంబరు ఇది. ఈ సబ్‌స్క్రిప్షన్‌ను ఈ రోజుతో రద్దు చేస్తున్నాను. మ్యాండేట్‌ను బ్యాంకు దగ్గర రద్దు చేశాను, దాని నంబరు ఇది. ఇకపై నా ఖాతా నుంచి డబ్బు తీసుకునే అనుమతి మీకు లేదు. ₹599 అదే ఖాతాకు తిరిగి పంపండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి."

తెలుగులో రాసినా చెల్లుతుంది. అవతలివాళ్లకు తెలుగు రాదన్న సాకు దొరక్కుండా కింద ఇంగ్లిష్‌లో కూడా పెట్టడం తెలివైన పని. "దయచేసి రద్దు చేయగలరా" అని అడగొద్దు. "రద్దు చేస్తున్నాను" అని చెప్పండి. మొదటిది కంపెనీ దయ మీద ఆధారపడుతుంది, రెండోది మీ నిర్ణయాన్ని తెలియజేస్తుంది.

గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు దొరికింది. ఫోన్ చేస్తే రిఫండ్ కోసం ఒక యాప్ వేసుకోమంటున్నారు.

వెంటనే ఫోన్ పెట్టేయండి. వాడు కంపెనీవాడు కాదు, ఇలాంటి బాధితుల కోసమే కాచుకు కూర్చున్న ఇంకో దొంగ. స్క్రీన్ చూపించే యాప్ వేయించి, ఓటీపీ చూసి ఖాతా ఊడ్చేస్తాడు. రిఫండ్ రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ అక్కర్లేదు, పది రూపాయల 'వెరిఫికేషన్' కూడా అక్కర్లేదు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇక్కడ ప్రతి నిమిషం విలువైనదే, ఎందుకంటే డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే పట్టుకోవాలి.

"రద్దు చేస్తే లీగల్ నోటీసు, సిబిల్ పాడవుతుంది" అని బెదిరిస్తున్నారు. నిజమేనా?

మామూలు యాప్ సబ్‌స్క్రిప్షన్ అప్పు కాదు. దాన్ని ఆపితే సిబిల్‌కు సంబంధం లేదు. నోటీసుల్లో 2007 చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ అని రాసి భయపెడుతుంటారు. అది చట్టబద్ధమైన బాకీ తీర్చడానికి ఇచ్చిన ఎలక్ట్రానిక్ చెల్లింపు డబ్బు చాలక తిరిగొచ్చినప్పటి సంగతి. అప్పుడు కూడా ముందు నోటీసు ఇచ్చి 15 రోజుల గడువు ఇవ్వాలి. వాడని యాప్‌కు వచ్చే నెల డబ్బు ఇవ్వకపోవడం ఆ కోవలోకి రాదు.

రెండు మినహాయింపులు మాత్రం గుర్తుంచుకోండి. ఆ మొత్తం క్రెడిట్ కార్డు బిల్లులో ఇప్పటికే పడి ఉంటే, బ్యాంకుకు డిస్ప్యూట్ (ఆ మొత్తం మీద అభ్యంతరం) ఇవ్వకుండా కట్టడం మానేయకండి. అక్కడ బాకీ కార్డు బ్యాంకుకు, అది సిబిల్‌కు చేరుతుంది. రెండోది, 'సబ్‌స్క్రిప్షన్' అని చెప్పి లోన్ అంటగట్టిన కేసు.

పిల్లాడి కోర్సుకు నెలనెలా ఫీజు అన్నారు. తీరా చూస్తే నా పేరు మీద లోన్ ఉంది!

ట్యూషన్ కంపెనీలు, జిమ్‌లు, అందం-ఆరోగ్యం క్లినిక్‌లు ఎక్కువగా ఆడే ఆట ఇది. మీ ఆధార్, పాన్, సెల్ఫీ తీసుకుని ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర లోన్ తెస్తారు. ఏడాది డబ్బు ఒక్కసారే వాళ్లకు చేరిపోతుంది, వాయిదాలు మీరు కడతారు. నాచ్ మ్యాండేట్ ఆపితే లోన్ ఆగదు. బౌన్స్ ఛార్జీలు, సిబిల్ మచ్చ, రికవరీ ఫోన్లు వస్తాయి.

కొత్తగా తీసుకున్నదైతే ఫైనాన్స్ కంపెనీ 'కూలింగ్ ఆఫ్' గడువు చూడండి. డిజిటల్ లోన్లకు కనీసం ఒక రోజైనా ఇవ్వాలి. ఆ లోపల అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. గడువు దాటితే కోర్సు కంపెనీకి, ఫైనాన్స్ కంపెనీకి ఇద్దరికీ రాతపూర్వకంగా రద్దు అడగండి. లోన్ అని చెప్పకుండా సంతకం చేయించారని, 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' (లోన్ ముఖ్య వివరాల పత్రం) చూపలేదని స్పష్టంగా రాయండి. రద్దయితే లోన్ ముగిసిందన్న లేఖ ఫైనాన్స్ కంపెనీ నుంచే తీసుకోవాలి. కోర్సు కంపెనీ సేల్స్‌మన్ "క్లోజ్ అయిపోయింది మేడమ్" అన్న వాట్సాప్ మెసేజ్‌కు విలువ లేదు.

## పోయిన డబ్బు

బ్యాంకును అడిగితే "మీరే పిన్ కొట్టారు కదా" అంటోంది. ఇక రాదా?

మొదటి కట్ విషయంలో బ్యాంకు మాటలో కొంత బలం ఉంది. మోసపోయి ఇచ్చినా అనుమతి ఇచ్చినట్టే లెక్క కాబట్టి, 'అనధికార లావాదేవీ' అన్న వాదన నిలబడటం కష్టం. ఈ మూడు సందర్భాల్లో మాత్రం గట్టిగా పట్టుబట్టండి: కట్‌కు కనీసం 24 గంటల ముందు సమాచారం రాలేదు, మ్యాండేట్‌లో రాసిన మొత్తానికో కాలానికో మించి తీసుకున్నారు, మీరు రద్దు చేసిన తర్వాత కట్ అయింది. మూడోదానికి తేదీలు సరిపోతే బ్యాంకు తప్పించుకోవడం కష్టం. కార్డు అయితే 'రద్దు చేసిన రికరింగ్ లావాదేవీ' అనే కారణంతో ఛార్జ్‌బ్యాక్ (కార్డు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రప్పించడం) అడగండి. ఆ మాటే వాడండి, ఫారంలో దానికి వేరే గడి ఉండొచ్చు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు నచ్చకపోతే రిజర్వ్ బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) వెళ్లొచ్చు. ఆన్‌లైన్ ఫిర్యాదుకు ఫీజు లేదు. సమాచారం కోసం 14448. ఓంబుడ్స్‌మన్ విచారించేది బ్యాంకు తప్పునే. యాప్ కంపెనీ మోసం అక్కడ పెట్టి లాభం లేదు.

గూగుల్ ప్లే, యాపిల్ ద్వారా పోతే రిఫండ్ ఎలా?

గూగుల్ ప్లేలో 48 గంటల లోపు అయితే గూగుల్‌నే అడగండి. దాటితే యాప్ తయారీదారును అడగమంటుంది. యాపిల్‌లో కొనుగోలు రసీదు మెయిల్‌లోనే 'సమస్య తెలపండి' అనే లింకు ఉంటుంది. కారణం దగ్గర కథ రాయొద్దు. "ట్రయల్ అనుకున్నాం, పిల్లవాడు నొక్కాడు, వాడలేదు", ఏది నిజమైతే అది ఒక్క లైన్‌లో రాయండి.

1915కు ఫోన్ చేస్తే పని జరుగుతుందా?

రిఫండ్ కోసం మొదట చేయాల్సిన ఫోన్ ఇదే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, తెలుగులో మాట్లాడతారు. 8800001915కు వాట్సాప్ కూడా చేయొచ్చు. ఇది కోర్టు కాదు, ఆదేశాలు ఇవ్వదు. మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. అయినా మీ మెయిళ్లకు పలకని కంపెనీ దీనికి పలికే అవకాశం ఎక్కువ. ఫోన్ చేసే ముందు కంపెనీ అసలు పేరు, లావాదేవీ నంబర్లు, మీరు పెట్టిన మెయిల్ తేదీ చేతిలో పెట్టుకోండి. 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' అన్న పదం ఫిర్యాదులో తప్పకుండా రాయించండి.

## మిగిలిన సందేహాలు

మా నాన్నగారి ఫోన్‌లో ఇలాంటివి నాలుగు బయటపడ్డాయి. మళ్లీ జరగకుండా ఏం చేయాలి?

ఆయన ఎదురుగా కూర్చుని చేయండి, ఆయన్ని తిట్టకుండా. తిడితే తర్వాతిసారి చెప్పరు. అన్ని యూపీఐ యాప్‌ల ఆటోపే జాబితాలు చూసి కరెంటు బిల్లు, బీమా లాంటి అవసరమైనవి తప్ప మిగతావి రద్దు చేయండి. పింఛను పడే ఖాతాను యూపీఐ నుంచి తీసేసి, వేరే ఖాతాలో నెలకు రెండు మూడు వేలు వేసి దాన్నే యూపీఐకి కలపండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. బ్యాంకు మెసేజుల్లో ఇంగ్లిష్‌లో 'మ్యాండేట్' అన్న మాట ఎలా ఉంటుందో ఒకసారి చూపించి, అది కనిపిస్తే మీకు పంపమనండి.

అమెరికాలో ఉన్నాం. ఇక్కడ ఈ గొడవ ఎలా తేల్చుకోవాలి?

చేరినంత సులువుగా బయటపడేలా చేయాలన్న ఎఫ్‌టీసీ (అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్) 'క్లిక్ టు క్యాన్సిల్' నిబంధనను అప్పీల్స్ కోర్టు 2025 జులైలో కొట్టేసింది. అయినా ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్లకు రద్దు దారి సులువుగా ఉండాలనే 2010 నాటి రోస్కా చట్టం ఉంది. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల సొంత చట్టాలూ ఉన్నాయి. బ్యాంకు ఖాతా నుంచి పోయే ఆటో డెబిట్‌ను, కట్ తేదీకి కనీసం 3 పనిదినాల ముందు బ్యాంకుకు చెప్పి ఆపించొచ్చు. నోటితో చెబితే 14 రోజుల్లో రాసి ఇమ్మని బ్యాంకు అడగొచ్చు.

599 కోసం వినియోగదారుల కోర్టుకు వెళ్లాలా?

ఒక్క నెల డబ్బుకైతే 1915 దగ్గరే ఆగడం మేలు. నెలల తరబడి పోయి ఉంటే, లేదా కోర్సు పేరుతో వేలు లాగి ఉంటే వెళ్లండి. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ గుర్‌గావ్‌లో ఉన్నా సరే. ₹5 లక్షల లోపు చెల్లింపులకు సంబంధించిన కేసుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. స్టేట్‌మెంట్, మ్యాండేట్ వివరాల స్క్రీన్‌షాట్, రద్దు మెయిల్, స్క్రీన్ రికార్డింగ్, 1915 ఫిర్యాదు నంబరు జతచేయండి. పోయిన డబ్బుతో పాటు మానసిక వేదనకు, ఖర్చులకు విడివిడిగా ఎంతెంతో అంకెలతో రాయండి. అడగనిది కోర్టు తనంతట తాను ఇస్తుందని అనుకోకండి.